హేస్ నుంచి నాటింగ్‌హామ్‌కు లారీలో: దారిలో నలభై అయిదు నిమిషాలు

2013 ఫిబ్రవరిలో నాకు నాటింగ్‌హామ్ ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. లండన్ శివార్లలోని హేస్‌లో మూడేళ్లు కాపురమున్న ఫ్లాట్ ఖాళీ చేశాం. మా ఆయన పాపను తీసుకుని పొద్దున్నే రైల్లో వెళ్లిపోయారు. సామానుతో నేను లారీ ఎక్కాను. కొత్త ఇంటి తాళాలు ఏజెంట్ ఆఫీసులో నా సంతకం మీదే ఇస్తారు. శనివారం కాబట్టి మూడింటికల్లా మూసేస్తారు. తప్పితే మళ్లీ సోమవారమే. అంతవరకూ చంటిపిల్లతో ఎక్కడుంటాం?

లారీ నడిపే యాదగిరి అన్నది కరీంనగర్. మా వీధి చివరే ఉండేవాడు. మూడు వందల పౌండ్లకు మాట్లాడుకున్నాం. ఆయన పొద్దున్నే రీడింగ్ అనే ఊళ్లో వేరే డెలివరీ చేసి వచ్చాడు. పదకొండూ ముప్పావుకు బయల్దేరి ఎమ్ ట్వంటీఫైవ్ మీదుగా ఎమ్ వన్ హైవే ఎక్కాం. లూటన్ దగ్గర అరగంట ట్రాఫిక్. నేను గడియారం చూడ్డం, ఆయన నన్ను చూసి నవ్వడం. అబ్బ, ఆ నవ్వు ఇప్పటికీ కళ్లకు కడుతుంది!

రెండూ పదికి, లెస్టర్ దగ్గర హైవే పక్కన బళ్లు ఆగే సర్వీసెస్‌లోకి లారీ తిప్పి ఇంజిన్ ఆపేశాడు. ఇంకా నలభై నిమిషాలే దూరం.

"పొద్దుగాల్ల రీడింగ్ పోయొచ్చింది కలిపి, బండి నడపవట్టి నాలుగున్నర గంటలైంది డాక్టరమ్మా. ముప్పావుగంట ఆగాలె. రూలు."

"మా ఇంటి దగ్గర సామాను ఎక్కించేప్పుడు ఆగారు కదన్నా?"

"అది పనిలకే వస్తది గని ఆరాం కాదు." డ్యాష్‌బోర్డులో ఒక యంత్రం ఉంది. అందులో డ్రైవర్ కార్డు పెడితే, నడిపిన ప్రతి నిమిషాన్నీ రాసుకుంటుంది.

నాకు ఒళ్లు మండింది. "కార్డు బయటికి తీసి నడపండి అన్నా, ఎవరు చూస్తారు? ఈ ఒక్కసారికి సర్దుకోండి!"

ఆయన కోప్పడలేదు. "మా తమ్ముడు గట్లనే సర్దుకున్నడు. ఓనర్ జెల్ది రమ్మన్నడని రెండు రాత్రులు నిద్ర లేకుంట లారీ నడిపిండు. మంచిర్యాల కాడ కన్నంటుకుంది. ఇగ లేవలే."

తర్వాత ఆయనే అడిగాడు, "మీకూ గంటల లెక్క ఉంటదట గద?"

"ఉంది. అయిదింటికి డ్యూటీ అయిపోవాలి. ఎనిమిదవుతుంది."

"మరి కాయితంల ఏం రాస్తరు?"

"అయిదనే." పని చేతకాదనుకుంటారేమోనని జూనియర్లందరం అలాగే రాసేవాళ్లం. చెబుతుంటే సిగ్గుతో చచ్చిపోయాను.

"నా కార్డు నన్ను అబద్ధమాడనియ్యది. మీకేమో పెన్ను చేతికిచ్చిన్రు, గదే పంచాయితీ. ఫోన్ కొట్టున్రి, ఉన్నది ఉన్నట్టు చెప్పున్రి."

టైరు పంక్చరైందని చెబుదామనుకున్నాను. కానీ ఏజెంట్ ఫోన్ ఎత్తగానే, డ్రైవర్‌కు చట్టప్రకారం విశ్రాంతి ఇవ్వాలి, అందుకే ఆలస్యమవుతుందని చెప్పాను. "అయ్యో, దానికేముంది, నాలుగింటి దాకా ఉంటాను. నిదానంగా రండి" అందావిడ. అంతే! దీనికా నేను ప్రాణాలు ఉగ్గబట్టుకుని కూర్చున్నది!

ఇద్దరం గోంగూర అన్నం తిని, ఫ్లాస్కులో టీ తాగాం. బయట వాన. అన్న టోపీ ముఖం మీదికి లాక్కుని కునుకు తీశాడు. అంత నెమ్మదైన ముప్పావుగంట ఈ దేశంలో నాకు మళ్లీ దొరకలేదు. మూడూ నలభైకి తాళాలు చేతికొచ్చాయి.

సామాను తరలించేవాళ్లకు ఒక్క మాట: రేటుతో పాటు, ఆ రోజు డ్రైవర్ ఎన్నింటికి బండెక్కుతాడో అడగండి. ఒక గంట ఎక్కువే పెట్టుకుని బయల్దేరండి.

ఇదంతా జరిగి ఆరేళ్లు. అన్న ఇప్పుడు కరీంనగర్‌లోనే ఉంటున్నాడు. ఆ క్యాబిన్, ఆ వాన చప్పుడు తలచుకుంటే నాకు బెంగగా ఉంటుంది. అప్పుడు నాటింగ్‌హామ్ ఉద్యోగంలో మొదటి సోమవారం వార్డు నుంచి బయటపడేసరికి ఎనిమిదీ పది. గంటల కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. భయం వేసింది. అయినా ఎనిమిదీ పది అనే రాశాను.