శుక్రవారం డ్యూటీ కావాలని రాసిన రోజు

కొండగట్టు అంజన్న మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం. నా మాటల్లో సగం గాలేనని ఎరిగినవాళ్ళు నవ్వుతారు. నవ్వుకోండి, కానీ ఈ ఒక్కదానికి మినహాయింపు ఇవ్వండి. నిన్న మా ఆవిడ నా చొక్కాతో పాటు జేబులో మరిచిపోయిన కాగితాలను కూడా నానబెట్టింది. బకెట్‌లోంచి సబ్బు, సిరా, తడి కాగితం కలిసిన వాసన వచ్చింది. వెంటనే వసుంధర మేడమ్ గుర్తొచ్చారు.

గ్యాసు, చమురు డబ్బుతో దోహా రోజుకో అంతస్తు పైకి లేస్తున్న కాలమది. నేను అల్ వక్రా దగ్గర ఒక కూలీల క్యాంప్‌లో హాజరు రాసే టైమ్‌కీపర్ని. మేడమ్‌ది కాకినాడ వైపు. దోహాలో ఒక యూనివర్సిటీలో మనస్తత్వశాస్త్రం చెప్పేవారు. మదీనత్ ఖలీఫా పేటలో కాపురం, పదో తరగతి చదివే కూతురు, ఆ ఎండాకాలంతో ముగిసే కాంట్రాక్టు. ఒక పరిశోధన పూర్తిచేసి చూపిస్తేనే ఉద్యోగం నిలుస్తుంది. పేరున్న పాత ప్రయోగాన్ని మళ్ళీ చేసి చూడాలని ఆవిడ పట్టుదల. నచ్చని మాటను బలవంతంగా రాయిస్తే మనిషి మనసు మారదట. తన ఇష్టంతోనే రాశానని అనుకుంటే మాత్రం, రాసిన చేతికీ లోపలి మనసుకూ పొత్తు కుదరక, మెల్లగా మనసే ఆ మాటవైపు జరుగుతుందట. "అదంతా పరాయి దేశాల్లో కాలేజీ పిల్లల మీద చూసిన సంగతండీ. మనవాళ్ళ దగ్గర నిలుస్తుందో లేదో ఎవరు చూశారు?" అనేవారు.

రాయాల్సిన మాట ఇది: శుక్రవారం సెలవు తీసేసి డ్యూటీ పెట్టాలి. వారమంతా ఆ ఒక్క రోజు కోసం బతికేవాళ్ళకు అంతకన్నా చేదు మాట లేదు, అందుకే ఎంచుకున్నారు. ఒక శుక్రవారం మెస్ హాల్లో నేను కాగితాలు పంచాను, ఆవిడ సగం మందికి "రాయాల్సిందే" అన్నారు. మిగతా సగానికి "రాయడం, మానడం మీ ఇష్టం" అన్నారు. తర్వాత అందరి మనసులో మాటా అడిగి రెండు గుంపులనూ పోల్చాలి.

ఇనుప చువ్వలు కట్టే మల్లేష్ పెన్ను ఆపాడు. "మేడమ్, గిది సూసి నిజంగనే శుక్రారం డ్యూటీ ఏస్తరా ఏంది?"

"లేదండీ, నేను తప్ప ఎవరూ చూడరు. పేర్లు కూడా రాయక్కర్లేదు."

"గట్లయితే కంపెనీని మస్తు పొగుడుత. మా ఇంటామె సూసిందంటే నన్ను కొడ్తది."

హాలంతా నవ్వింది. కానీ క్యాంప్‌లో పేరూ నంబరూ లేని కాగితాన్ని ఏ ఆఫీసు కిటికీలోనూ తీసుకోరు. దుప్పటి కావాలన్నా, మందుబిళ్ళ కావాలన్నా అంతే. చేతులకు ఆ అలవాటు పట్టేసింది. వద్దని చెప్పినా ప్రతివాడూ రాయడం అవగానే కింద పేరు, ఐడీ నంబరు వేసి సంతకం పెట్టాడు. అది మా కంట పడేలోపే మేనేజర్ కంట పడింది.

ఆయన హైదరాబాద్ మనిషి. చాయ్ కోసం వచ్చి, పై కాగితం తీసి చదివాడు. "క్యా బాత్ హై మేడమ్! శుక్రవారం డ్యూటీ కోసం నేను ఏడాది నుంచి మొత్తుకుంటున్న. మీరు ఒక్క పూటల సంతకాలతోని రాయించిన్రు!"

"సార్, అవి వాళ్ళ కోరికలు కావు. నేను రాయమన్న మాటలు."

"కింద పేరెవరిది? నంబరెవరిది? కంపెనీకి సూపెట్టనీకి నాకు గది చాలు. సాయంత్రం అసర్ నమాజ్ అయినంక వస్త, కట్ట గట్టి పెట్టున్రి. లేకుంటే రేపట్నుంచి మీకు ఈ గేటు బంద్. యూనివర్సిటీకి ఫోన్ గూడ పోతది."

ఆయన వెళ్ళాక హాల్లో మేమిద్దరమే మిగిలాం. బయట మల్లేష్ వాళ్ళు ఏమీ తెలియక క్యారమ్స్ ఆడుతున్నారు.

"పేర్లున్న ముక్కలు కత్తిరిద్దాం మేడమ్."

"చేతిరాతల్ని ఏ కత్తెరతో కత్తిరిస్తారు? అవి మీ ఆఫీసు రోజూ చూసేవే కదా."

"పోనీ, బండిలో పెట్టుకుని వెళ్ళిపోండి."

"గేటు దగ్గర నా బ్యాగు వెతకరూ?"

ఆవిడ ఒక కట్ట మీద ఒక చెయ్యి, ఇంకో కట్ట మీద ఇంకో చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు. కాంట్రాక్టు, కూతురి చదువు ఆ చేతుల కిందే ఉన్నాయి. మసీదు నుంచి అజాన్ మొదలైంది. నా చొక్కా వీపుకు అతుక్కుపోయింది. అజాన్ పూర్తికాకముందే ఆవిడ రెండు కట్టలూ కలిపేసి వంటగదిలోకి నడిచారు. డేగిశాలు తోమే తొట్టిలో వేసి, మోచేతుల దాకా ముంచి, ముద్దయ్యేదాకా పిసికారు. నీళ్ళు నీలంగా మారాయి.

"యల్లా, జల్ది, కాగితాలు?" అంటూ నమాజ్ ముగించుకుని మేనేజర్ వచ్చాడు.

మేడమ్ తల ఎత్తి అన్నారు: "మీ కూలీల మనసు వీటిలో లేదు సార్. ఉన్నవి నేను అడిగి రాయించిన మాటలు. నా మాటల్ని నేనే ముంచేసుకున్నాను."

మర్నాటి నుంచి ఆవిడకు గేటు తెరవలేదు. కాంట్రాక్టు మళ్ళీ రాయలేదు. ఎండలు తగ్గేలోపే కూతుర్ని తీసుకుని కాకినాడ వెళ్ళిపోయారు. క్యాంప్‌లో శుక్రవారం మాత్రం శుక్రవారంగానే మిగిలింది. ఆ తర్వాత నా చేతి మీదుగా పోయిన ప్రతి కాగితాన్నీ సంతకానికి ముందు గట్టిగా చదివి వినిపించాను. ఇప్పుడు ఊళ్ళోనూ అంతే. ఎవరైనా సంతకానికి పెన్ను అడిగితే ముందు కాగితం ఇటివ్వమంటాను. విసుక్కుంటారు. విసుక్కోనీ.

ఇక ఒట్టు సంగతి. అంజన్న మన్నించాలి, మేనేజర్‌తో మేడమ్ అన్న ఆ మాట నేను కల్పించిందే. నిజానికి ఆవిడ గొంతు వణికింది. "నీళ్ళలో పడిపోయాయి సార్" అని మాత్రం అన్నారు. చేతులు తుడుచుకోవడం కూడా మరిచిపోయారు. ఆ పెద్ద మాట నేను మల్లేష్ వాళ్ళకు చెప్పడానికి అల్లాను. నన్నెవరూ బలవంతం చేయలేదు, ఎవరూ రియాల్ ఇవ్వలేదు, నా ఇష్టంతోనే ఇన్నేళ్ళూ చెబుతూ వచ్చాను. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఆ మాట నిజంగా అన్నట్టే, ఆవిడ గొంతులోనే, వణుకు లేకుండా వినిపిస్తోంది. మేడమ్ ఎక్కడున్నారో తెలియదు. తెలిస్తే ఒక్క కబురు పంపేవాణ్ణి: మీ ప్రయోగం మనవాళ్ళలో కనీసం ఒకడి మీద పనిచేసిందని.