చుక్కది రాలే

దయ్యాల మాట వస్తే మా స్కూలు స్టాఫ్ రూంలో అందరికంటే గట్టిగా నవ్వేది నేనే. మహబూబ్‌నగర్‌లో పదో తరగతికి ఫిజిక్స్ చెప్పే టీచరమ్మను. గాలి సోకిందనో, పూనకం వచ్చిందనో ఎవరైనా అంటే నాకు చిరాకు, ముఖం మీదే అనేస్తాను. అందుకే ఇది రాయడం కాస్త నామోషీగానే ఉంది. అయినా జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా అన్న మల్లేశ్ గొర్రెల కాపరి. మాది అచ్చంపేట దగ్గర పల్లె. ఎండాకాలం మేతకు మందను తోలుకుపోతూ కొత్తకోట దగ్గర హైవే దాటుతుంటే కారు గుద్దింది. గొర్రెలన్నీ దాటాయి. చివరి గొర్రెపిల్లను చంకన పెట్టుకుని దాటుతున్న అన్న తల రోడ్డుకు కొట్టుకుంది.

ఆపరేషన్ చేశారు, ప్రాణం దక్కింది. మాట పోయింది. పెట్టింది తింటాడు, చెయ్యి పట్టుకుంటే నాలుగడుగులు వేస్తాడు. పిలిస్తే మాత్రం పలకడు, మన వైపు చూడడు. ఐదు నెలలు అంతే.

ఆ ఐదు నెలలూ మా వదిన లక్ష్మి పక్కన కూర్చుని ముద్ద ముద్ద తినిపించింది. ఆయన నోట ఒక్క మాట వినాలని తప్ప ఆమెకు వేరే కోరిక లేదు. తిట్టినా సరే అనేది.

హైదరాబాద్‌లో ఒక డాక్టరు, మెదడుకు అయస్కాంతంతో చేసే చికిత్స ఉందని చెప్పాడు. కొందరిలో మార్పు కనిపించింది, కొందరిలో లేదు, మాట ఇవ్వలేనన్నాడు. ఫిట్స్ వచ్చే ప్రమాదం కొద్దిగా ఉందనీ దాచకుండా చెప్పాడు. ఇది కూడా కాకపోతే తన దగ్గర ఇంకేమీ లేదన్నాడు. నాకు ఆయన నచ్చాడు.

ఆ మిషన్ సంగతి వదినకు నేనే వివరించాను. తీగచుట్టలో కరెంటు మారుతుంటే దాని చుట్టూ అయస్కాంత బలం మారుతుంది, దానివల్ల మెదడులో సన్నటి కరెంటు పుడుతుంది అని. నేను ఏటా బోర్డు మీద గీసే బొమ్మే. వదిన అంతా విని, నొప్పి లేస్తదా అని మాత్రం అడిగింది.

తల దగ్గర లోహం ఉండకూడదన్నారు. అన్నకు చిన్నప్పుడు కుట్టిన చెవిపోగులు ఎంతకీ ఊడి రాకపోతే కత్తిరించాల్సి వచ్చింది. వదిన వాటిని కొంగున ముడేసుకుంది. మొదటి రోజు చుట్టను తలమీద అటూ ఇటూ జరుపుతుంటే, ఒకచోట టక్కుమన్నప్పుడల్లా అన్న బొటనవేలు ఎగిరిపడింది. వదిన జడుసుకుంది. సరైన జాగా అట్లాగే వెతుకుతారని నేను ధైర్యం చెప్పాను.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. మా వాళ్లు జీవాలను అంకెలతో లెక్కపెట్టరు, దిష్టి తగులుతుందని. సాయంత్రం దొడ్డి తడిక దగ్గర ఒకరు నిలబడి, లోపలికి పోయే ఒక్కో గొర్రె ముఖం చూస్తారు. ఏది తక్కువైందో ముఖాన్ని బట్టి తెలియాలి. ఆ పని మా అన్నదే. ఒకటి తగ్గితే, ఫలానాది రాలే అని ఒక్క మాట అని కట్టె పట్టుకుని బయల్దేరేవాడు. ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుంటే సరిపోదా అని నేను వాళ్లతో ఎన్నిసార్లు కొట్లాడానో. అన్న మంచం పట్టాక, కంట్లో పొర వచ్చిన మా బాపు ఆ తడిక దగ్గర నిలబడుతున్నాడు.

మూడో వారంలో ఒక రోజు పొద్దున, పదకొండు దాటింది. మిషన్ ఆగింది. తలకు తొడిగిన టోపీ తీస్తుంటే అన్న గొంతు సవరించుకున్నట్టు చప్పుడు చేశాడు. తర్వాత, కొంచెం ముద్దగా, అయినా ముగ్గురికీ వినబడేలా అన్నాడు.

"చుక్కది రాలే."

వదిన నా చెయ్యి పట్టుకుని నొక్కింది. మిషన్ చూసే అమ్మాయి కూడా కళ్లు తుడుచుకుంది. మేం ఎంత అడిగినా అన్న మళ్లీ నోరు విప్పలేదు.

బయటికొచ్చి బాపుకు ఫోన్ చేశాను. అన్న మాట్లాడిండంటే ఏడ్చాడు. ఏమన్నడని అడిగితే చెప్పాను. మళ్లొకసారి చెప్పించుకుని, అప్పుడన్నాడు.

"మొన్న కొల్లాపూర్ దిక్కుకెళ్లి కొత్తది తెచ్చిన బిడ్డా. దాని నొసటి మీద తెల్ల చుక్క ఉన్నది. మీకెవ్వలికి చెప్పలే నేను."

అప్పుడు బాపు వెళ్లి చూసుకుంటే అది మందలో లేదు. కొత్త గొర్రె, ముఖం ఇంకా అలవాటు కాలేదు. ముందురోజు సాయంత్రం రాకపోయినా బాపుకు తెలియలేదు. లెక్కపెట్టి ఉంటే తెలిసేది. మధ్యాహ్నానికి వాగులో రెండు బండల సందున వెనక కాలు ఇరుక్కుని దొరికింది. నాలుక ఎండిపోయింది కానీ బతికే ఉంది. బాపు భుజాన వేసుకుని తెచ్చాడు.

నేను ఊరికే వదల్లేదు. మన మందలో ఇదివరకు చుక్క గొర్రె ఉండేదా అని బాపును అడిగాను. తనకు యాదున్నంత వరకు లేదన్నాడు. అన్న పక్కన ఎవరైనా ఫోన్లో ఆ ముచ్చట చెప్పారేమోనని వదినను గుచ్చి గుచ్చి అడిగాను. ఆమెకే తెలియదు. కాకతాళీయమే అనుకుందామా? క్లాసులో పిల్లలెవరైనా అడిగితే అదే చెప్తాను. నాకు నేను చెప్పుకోబోతే మాత్రం నోరు రావడం లేదు.

డాక్టరును అడిగాను. మెదడు దెబ్బతిన్నాక రోజూ అలవాటుగా అనే మాట ముందు తిరిగిరావచ్చు, 'రాలే' అలాంటిదే అన్నాడు. మరి చుక్కదని ఆయనకు ఎవరు చెప్పారు సార్ అన్నాను. నాకు తెలియదమ్మా అన్నాడు.

వదిన మాత్రం అలిగింది. ఐదు నెలలు నేను తినిపిస్తే మొదటి మాట గొర్రెకా అని ఆయన ముందే అనేది. అంటూనే ముద్ద పెట్టేది.

మరో పదకొండు రోజులు అన్న నోరు మెదపలేదు. పన్నెండో రోజు మధ్యాహ్నం, వదిన కలిపిన ముద్ద నోటి దాకా తెచ్చింది. అన్న దాన్ని చేత్తో ఆపాడు. ఆమె ముఖంలోకి చూశాడు.

"నువ్వు తిన్నవా?"

తిన్న అని వదిన అబద్ధం చెప్పింది. గిన్నె నా చేతికిచ్చి వరండాలోకి పోయి గోడకు తల ఆనించి ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచుకోను.

ఇప్పుడు అన్న మాట్లాడతాడు, వెతుక్కుంటూ, ఆగుతూ. ఆ మొదటి మాట గురించి అడిగితే యాది లేదంటాడు. వదినను చూసి తిన్నవా అని ఎందుకు అడిగాడో నాకు తెలుసు. ఎన్నడూ చూడని గొర్రె రాలేదని ఆయనకు ఎవరు చెప్పారో నాకు తెలియదు. ఎన్నిసార్లు ఆలోచించినా తెలియడం లేదు.