క్యారియర్ లేని సైకిల్

ఈ పత్రికలో వృత్తి అనుభవాల శీర్షిక మొదలైనప్పటి నుంచి ఒక్క సంచిక వదలకుండా చదువుతున్నాను. డాక్టర్లు రాశారు, ప్లీడర్లు రాశారు, కరెంటు ఆఫీసు ఇంజనీరు రాశాడు, పొగాకు వ్యాపారి కూడా రాశాడు. సైకిల్ షాపువాడికి అనుభవాలు ఉండవని మీరెందుకు అనుకున్నారో నాకు తెలియదు. ఇంతకుముందు రెండుసార్లు రాసి పంపాను. అచ్చు వేయకపోతే పోయింది, తిప్పి పంపడానికి స్టాంపులు అంటించి పెట్టిన నా కవరు కూడా తిరిగి రాలేదు. ఇది మూడోసారి. దీన్ని చదివి తీరవలసిన పెద్దమనిషి ఒకాయన ఉన్నారు. ఆయన ఇంటికి మీ పత్రిక వస్తుంది. అందుకే మీ మీద అలక పక్కనపెట్టి మళ్లీ రాస్తున్నాను.

అది 1983. దర్శి బస్టాండు దాటాక పొదిలి రోడ్డులో నా షాపు. మా వైపు సైకిళ్లకు తారు రోడ్డుతో పని తక్కువ. నల్లరేగడి చేలగట్లు, బండి డొంకలు, వాగుల్లో ఇసక, వీటి మీదే వాటి బతుకంతా. వాన పడితే రేగడి మన్ను చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య ఇరుక్కుని సైకిల్‌ని అడుగు కదలనివ్వదు. అందుకని తొలకరి పడగానే జనం మడ్‌గార్డులు విప్పించి నా దగ్గరే వదిలిపోయేవారు. వాటి లోపలి వైపు సుద్దముక్కతో పేర్లు రాసి అటక మీద పెట్టేవాణ్ణి. కల్లాల్లో మిరపకాయలు ఆరబోసే రోజులకు వచ్చి మళ్లీ బిగించుకునేవారు. అట్లాంటి నేలకు లావు ఫ్రేమ్, వెడల్పు టైరు, వెనక ఇనప క్యారియర్, బరువైన స్టాండు ఉన్న సైకిలే కావాలి.

ఆ నేల మీద యేసుదానం మాస్టారిని మించి సైకిల్ తొక్కేవాణ్ణి నేను చూడలేదు. దర్శికి తూర్పున ఒక పల్లెలో మిషన్ బడి పంతులు ఆయన. ఆదివారాలు చుట్టుపక్కల పల్లెల్లో ప్రార్థన కూడా నడిపేవారు. అందరూ దిగి సైకిల్‌ని భుజానికెత్తుకునే బురదలో ఆయన పెడళ్ల మీద నిలబడి, హ్యాండిల్‌ని అటూ ఇటూ ఆడిస్తూ, పాదం కింద పెట్టకుండా దాటిపోయేవారు. సన్నటి మనిషి. ఆ బలం ఎక్కడ దాచుకున్నారా అనిపించేది.

ఆ ఏడు విడిభాగాల కోసం మద్రాసు వెళ్లినప్పుడు ఒక పాత సామాన్ల అంగడిలో విదేశీ రేసింగ్ సైకిల్ దొరికింది. షాపుకు కళ వస్తుందని కొని తెచ్చి ముందు వేలాడదీశాను. దాని సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. డ్రాప్ హ్యాండిల్ అంటే కిందికి వంపు తిరిగిన హ్యాండిల్, తొక్కేవాడు ముందుకు వంగి పట్టుకోవాలి. వెనక చక్రానికి పళ్ల చక్రాలు అయిదు, వాటి మీద గొలుసుని జరిపే డీరైలర్ అనే చిన్న యంత్రం. గొట్టాలు చాలా పలచన, ఒక్క చేత్తో ఎత్తొచ్చు. మడ్‌గార్డు లేదు, స్టాండు లేదు, క్యారియర్ లేదు.

బజారులో దానికి దక్కిన మర్యాద చెప్పనక్కర్లేదు. పత్తి కమీషన్ కొట్టు గుమాస్తా రోజూ ఆగి అడిగేవాడు.

"ఒరేయ్ మస్తానూ, ఇది సైకిలా, పొట్టేలా? కొమ్ములు కిందికి తిరిగినయ్యేందిరా?"

"నువ్వు ఎక్కవులే. అది మనుషుల్నే ఎక్కించుకుంటది" అనేవాణ్ణి.

మాస్టారు ఓవరాయిలింగ్‌కి సైకిల్ తెచ్చారు. ఓవరాయిలింగ్ అంటే చక్రాలు, ఇరుసులు, గొలుసు అన్నీ విప్పి కడిగి, గ్రీజు పెట్టి బిగించడం. నేను పని చేస్తున్నంతసేపూ ఆయన చూపు పైన వేలాడే సైకిల్ మీదే ఉంది. చివరికి అడగలేక అడిగారు.

"దీన్ని ఎవరన్నా తొక్కి చూశారా అండీ?"

"మీరు తొక్కండి మాస్టారూ."

"అబ్బే, నాకెందుకండీ ఇట్లాంటియ్యి" అంటూనే పంచె ఎగ్గట్టారు.

కిందికి దించాను. మడమ పెడల్ మీద పెడితే కాలు తిన్నగా చాచుకునేట్టు సీటు ఎత్తు సరిచేశాను. టైరులో గాలి కొట్టాను. ఆయన బొటనవేలితో నొక్కి చూశారు.

"ఇదేంటండీ, రాయి లాగుంది! కాస్త గాలి తీయండి, నడుం విరుగుద్ది."

డొంకల్లో తిరిగేవాళ్లందరూ ఇదే మాట అంటారు. మెత్తటి నేలకు మెత్తటి టైరు నిజమే. "ఇక్కడ గాలి తీస్తే రిమ్ము వంగుద్ది మాస్టారూ. తారు మీద రాయిలా ఉంటేనే పరిగెత్తుద్ది" అన్నాను.

మొదట ఆయన దాన్ని కూడా బురదలో తొక్కినట్టే తొక్కారు. మోచేతులు బిగబట్టి, చిన్న గులకరాయి కనబడ్డా పెడళ్ల మీద లేచి నిలబడుతూ. "చేతులు వదులు చెయ్యండి! దాన్ని లొంగదీయబాకండి, పోనీయండి!" అని వెనకనుంచి అరిచాను. పొదిలి రోడ్డు మలుపులో కనపడకుండా పోయారు. ఎంతకీ రాలేదు. పడిపోయారేమో చూద్దామని షాపు మూయబోతుంటే వచ్చారు. గాలికి కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. దిగి, సైకిల్‌ని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డారు.

"తొక్కడం ఆపినా పోతానే ఉందండీ" అన్నారు. "నేనే ఆపాల్సొచ్చింది."

సైకిల్ ఆయనే తీసుకున్నారు. పాత సైకిల్‌ని అమ్మలేదు. డొంకకు అదే ఉండాలి గదా. శనివారం తెల్లవారగానే పాతదాని మీద పల్లె నుంచి నా షాపుకు వచ్చి, దాన్ని ఇక్కడ పెట్టి, రేసింగ్ సైకిల్ మీద పొదిలి దాకా వెళ్లి వచ్చేవారు. ఏం పని మీద అని ఎవరడిగినా ఒకటే జవాబు.

"పనేం లేదండి. ఊరికే."

ఆ ఊరికే అన్న మాటే జనానికి మింగుడు పడలేదు. పని లేకుండా సైకిల్ తొక్కే మనిషిని మా దర్శి అంతవరకూ చూడలేదు. కంది కోతలప్పుడు రైతులు కంపను తారు రోడ్డు మీద పరిచేవారు, లారీలు తొక్కితే కాయ రాలుతుందని. పలచటి టైర్లు వాటి మీద నిలవవు. మాస్టారు దిగి సైకిల్‌ని భుజాన వేసుకుని దాటేవారు. అక్కడ కంప తిరగేసే ఆడవాళ్లు ఊరుకుంటారా?

"మాస్టారూ, పొట్టేల్ని మోసుకుపోతన్నారేంది, కాలు బెణికిందా దానికి?"

"కాదమ్మా, మీ కంది కంపకి భయపడింది" అని నవ్వుకుంటూ పోయేవారు. బడిలో గొంతు పెంచని మనిషి, నా షాపు ముందు నిలబడి ఏ ఎగుడు దగ్గర ఏ పళ్లచక్రం వేశారో చేతులు తిప్పుతూ చెప్పేవారు. ఆ ఏడాదిన్నర ఆయన మొహంలో ఉన్న వెలుగు నేను మళ్లీ చూడలేదు.

ఇక పెద్దమనిషి సంగతి. శామ్యేలు గారు మాస్టారి బడిని నడిపే క్రైస్తవ సంఘానికి పెద్ద. బడిలో ఎవరుండాలో, ఎవరు పోవాలో ఆయన మాట మీదే. మోకాళ్ల నొప్పుల మనిషి కాబట్టి పల్లెల్లో ప్రార్థనలకు మాస్టారి పాత సైకిల్ క్యారియర్ మీదే వెళ్లేవారు. మా వైపు ఒక పద్ధతి ఉంది. దారిన పోయే సైకిల్ వెనక క్యారియర్ ఖాళీగా ఉంటే, నడిచేవాడు ఎవరైనా సరే ఎక్కించుకోమని అడగొచ్చు. దాన్ని డబుల్స్ అంటారు. తెలిసినా తెలియకపోయినా కాదనకూడదు. ఒక శనివారం ఆయన బస్సు కోసం ఎండలో నిలబడి ఉంటే ఆయన ఎదుట నుంచే మాస్టారు రేసింగ్ సైకిల్ మీద దూసుకుపోయారు. చూడలేదని మాస్టారు ఎన్నిసార్లు చెప్పుకున్నా ఆయన నమ్మలేదు.

సోమవారం సాయంత్రమే మాస్టారిని వెంటబెట్టుకుని షాపుకు వచ్చారు.

"మస్తానూ, దీనికి క్యారియర్ బిగించు."

"కుదరదండి. దీనికి క్యారియర్ బిగించే చోటే లేదు. గొట్టాలు పలచన. మనిషి బరువుకి ఆగదు."

"వెల్డింగ్ చెయ్యి."

"గ్యాసు మంట తగిలితే ఈ ఇనుము పెళుసెక్కుద్దండి. మీకు డబుల్స్ కావాలంటే మాస్టారి పాత సైకిల్ ఉంది గదా, రాయిలాంటిది."

ఆయన నన్ను చూడటం మానేసి మాస్టారి వైపు తిరిగారు. "ఒక్కడే పోయే బండి పంతులుకెందుకయ్యా? రేపు ఎవరికన్నా జబ్బు చేస్తే వెనక ఎక్కించుకుంటావా, చెయ్యి ఊపి పోతావా?"

మాస్టారు తల వంచుకున్నారు. ఆ మాటలో న్యాయం లేదని నేననను. జబ్బుపడ్డవాళ్లను ఎక్కించుకు రావడానికి పాత సైకిల్ ఉందని మాత్రం అన్నాను. దానికి శామ్యేలు గారు అన్న మాట నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "సైకిళ్లు బాగుచేసేవాడితో నాకు వాదనేంటి? చేసేవాళ్లు వేరే లేరా?"

ఉన్నారు. ట్రాక్టరు ట్రక్కులు అతికే గ్యాసు వెల్డింగు షాపులో చేయించారు. వెనక చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని ఉండే సన్నటి గొట్టాలను సీట్ స్టేలు అంటాం. వాటికి ఇనప క్యారియర్‌ని అతికించి, పైన వెండిరంగు పూశారు. మాస్టారు తెచ్చి చూపించినప్పుడు ఆ అతుకుల మీద వేలు పెట్టి చూశాను. పలచటి గొట్టాలను ఇత్తడి కరిగించి తక్కువ వేడి మీద అతుకుతారు, దాన్ని బ్రేజింగ్ అంటారు. ట్రక్కు చాసిస్‌కి పెట్టే మంట వీటికి పెట్టకూడదు.

"మాస్టారూ, దీని మీద మనిషిని ఎక్కించుకోబాకండి. పుస్తకాలు పెట్టుకోండి, చాలు."

"పెద్దయ్యగారు ఎక్కుతానంటే కాదంటానా అండీ?"

ఆయన ఉద్యోగం, ఆయన పిల్లల చదువు, అన్నీ ఆ పెద్దయ్యగారి చేతిలో ఉన్నాయి.

వేసవిలో జరిగింది. శామ్యేలు గారు వెనక కూర్చుని ఉండగా వాగు వంతెన దిగేచోట కుడివైపు సీట్ స్టే వెల్డింగు అంచున విరిగింది. చక్రం పక్కకు మెలికపడి ఇరుక్కుంది. శామ్యేలు గారికి మోచెయ్యి గీసుకుపోయింది. మాస్టారి మోకాలు వంతెన రాయికి కొట్టుకుని చితికింది. ఒంగోలు ఆసుపత్రిలో చాలారోజులు ఉన్నారు. ఆ కాలు ఇప్పుడు వంగదు. వంగని కాలితో ఏ సైకిలూ తొక్కలేరు.

ఆసుపత్రి నుంచి ఆయన ఇంటికి రాకముందే ప్రార్థన కూటంలో శామ్యేలు గారు అందరి ముందూ అన్నారట, మస్తాను మద్రాసు తుక్కు తెచ్చి అమాయకుడికి అంటగట్టాడని. ఆ పల్లెల వాళ్లు నా షాపుకు రావడం మానేశారు. ఆ తొలకరికి నా అటక సగం ఖాళీగా ఉంది. నేను శామ్యేలు గారింటికి వెళ్లాను. మొదటిసారి పడుకున్నారన్నారు. రెండోసారి పనిలో ఉన్నారన్నారు. మూడోసారి అరుగు మీదే కూర్చుని ఉండి, కూర్చోమని అనకుండా, "నీ సంగతి తర్వాత చూద్దాంలే" అన్నారు. నాలుగేళ్లయింది. ఆయనన్న ఆ 'తర్వాత' ఇంకా రాలేదు.

విరిగిన ఫ్రేమ్‌ని మాస్టారింట్లో అడిగి తెచ్చుకున్నాను. మంచి ఇనుము బరువెక్కువైతే ముందు వంగుతుంది. ఇది వంగలేదు. మంట తగిలిన చోట ఎండుమిరపకాయ తొడిమలా పుటుక్కున విరిగింది. మంట తగలని ముందు గొట్టాలు ఇప్పటికీ చక్కగా ఉన్నాయి. ఆ ముక్క పట్టుకుని మాస్టారి దగ్గరకు వెళ్లాను, తప్పు సైకిల్‌ది కాదని చూపిద్దామని. ఆయన దానివైపు చూడలేదు.

"తీసుకెళ్లండి మస్తాను గారూ. సైకిల్‌ని ఏమీ అననండి. తప్పు నాదే."

"మీదేంటి మాస్టారూ?"

"ఎవరికీ పనికిరాని సుఖం మరిగానండి. పనేం లేకుండా ఊరికే తిరగడమేంటి, పంతులు అయ్యుండి? దేవుడు ఆపాడు."

నేను వెల్డింగు గురించి చెప్పబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, మంచినీళ్లు తెమ్మని లోపలికి కేకేశారు. మాట మార్చడం ఆయనకు అంతకంటే తెలియదు. ఇప్పుడు ఆ కాలీడ్చుకుంటూ బడికి నడిచి వెళుతున్నారు. రోడ్డెక్కినప్పుడు ఏ కుర్రాడైనా సైకిల్ మీద వేగంగా పోతే మొహం పక్కకు తిప్పుకుంటారు.

ఈ సంఘటన నాకు నేర్పింది ఒకటుంది. ఇదివరకు సైకిల్ కొనడానికి వచ్చినవాణ్ణి ఎత్తెంత, రోడ్డెట్లాంటిది అని అడిగేవాణ్ణి. ఇప్పుడు ముందుగా, వెనక ఎవరు కూర్చుంటారని అడుగుతాను. భార్య, పిల్లలు, పాలక్యాను, మిరపకాయల టిక్కీ బస్తా, ఏదో ఒకటి చెబుతారు. ఎవరూ కూర్చోరు అన్నవాడు ఇంతవరకూ రాలేదు. వస్తే సంతోషంగా అమ్ముతాను. కానీ మా ఊళ్లో ఒక్కడు ఒంటరిగా సుఖపడితే చూసి ఓర్చుకునేవాళ్లు ఎంతమంది ఉంటారో కూడా ఆలోచించుకోమని చెబుతాను.

శామ్యేలు గారూ, ఇది చదువుతున్నారు గదా. నా షాపు పేరు పోయిన సంగతి నేను అడగడం లేదు, అది మీరూ నేనూ తర్వాత చూసుకుందాం. మీరు వెళ్లవలసింది మాస్టారింటికి. క్యారియర్ అతికించమన్నది మీరు. వద్దన్నా వినలేదు. ఆ మాట మీ నోటితో ఆయనకు చెప్పండి. సైకిల్‌లో లోపం లేదని చెప్పండి. శనివారం పొద్దున ఊరికే పొదిలి దాకా వెళ్లి రావడంలో పాపం లేదని చెప్పండి. నేను చెబితే సైకిళ్లు బాగుచేసేవాడి మాట, మీరు చెబితే ఆయన నమ్ముతారు. ఎప్పుడు వెళుతున్నారో నాకు జవాబు కావాలి.