మోకరించని కార్పొరల్

1990 ఫిబ్రవరిలో, ఇక్కడి లెక్కన ఎండాకాలం చివర, సిడ్నీ శివార్లలోని ఒక సైనిక శిబిరానికి నన్ను ఫిజియోథెరపిస్టుగా వేశారు. హోదా కెప్టెన్. ఆ మాట వినగానే గుంటూరులోని మా బంధువులు నేను తుపాకీ పట్టుకుని సరిహద్దులో నిలబడ్డట్టు ఊహించుకునేవారు. నిజానికి నా సర్వీసు మొత్తంలో నేను ఎక్కువగా పట్టుకున్నవి సైనికుల పాదాలు. అప్పుడే బూట్లు విప్పిన పాదాలు. ఆ వాసన గురించి రాయమంటే అదో వేరే వ్యాసం అవుతుంది.

ఆ ఏడాది నాకు ఒక పని అదనంగా అప్పగించారు. సైన్యంలో ఒక ప్రత్యేక దళం ఉంది. అందులో చేరాలంటే పశ్చిమ ఆస్ట్రేలియాలో వారాల తరబడి సాగే ఎంపిక శిక్షణలో నెగ్గాలి. వెళ్లినవాళ్లలో చాలామంది మధ్యలోనే తిరిగొచ్చేస్తారు. అందుకని అర్జీ పెట్టుకున్నవాళ్లకు మా శిబిరంలోనే ముందుగా కొన్ని నెలల తయారీ ఉండేది. దాన్ని నడిపేవాడు హాలరన్ అనే వారెంట్ ఆఫీసర్. వారెంట్ ఆఫీసరంటే మామూలు సిపాయిగా చేరి మెట్టు మెట్టుగా పైకొచ్చినవాడు. హోదాలో నాకంటే కింద, అనుభవంలో అందనంత పైన. అలాంటివారిని అధికారులు ‘మిస్టర్’ అని పిలవడం ఆనవాయితీ. ఆయన నన్ను ‘మేడమ్’ అనేవాడు. మొదటి నెలంతా ఆ పిలుపులో మర్యాద ఎంత ఉందో, అనుమానమూ అంతే ఉండేది.

తయారీలో శరీరానికి సంబంధించిన భాగం తేలిగ్గానే అర్థమవుతుంది. వీపు మీద బరువైన ప్యాకు, చేతిలో రైఫిలు, గుట్టలెక్కి దిగే నడక. వారం వారం బరువూ పెరిగేది, దూరమూ పెరిగేది. మనసుకు సంబంధించిన భాగం వేరు. నడక మొదలయ్యే ముందు హాలరన్ అందరి గడియారాలూ తీయించేవాడు. ఎంత దూరమో చెప్పేవాడు కాదు. చివర్లో లారీ కనిపించేది, వీళ్లు ప్రాణం లేచొచ్చి దాని దగ్గరికి చేరేవాళ్లు. సరిగ్గా అప్పుడే లారీ బయల్దేరి వెళ్లిపోయేది. మళ్లీ నడవాలి. కాళ్లు అరిగినవాళ్లకంటే వెళ్లిపోయే ఆ లారీనే చూస్తూ కూలబడినవాళ్లే ఎక్కువ.

ఆయన పెట్టిన ఇంకో నియమం నాకు మొదట్లో వింతగా తోచింది. ఎంపికకు వెళ్తున్న సంగతి ఇద్దరికి మించి చెప్పకూడదు. ఎందుకని అడిగాను. చెప్పినవాళ్లందర్నీ ప్యాకులో వేసుకుని మోయాల్సి వస్తుంది మేడమ్, ఆగాల్సిన చోట కూడా ఆగలేరు అన్నాడు.

ఆ గుంపులో అందరికంటే ముందు నడిచేవాడు కార్పొరల్ సామ్యేల్. శిబిరంలో అందరికీ శామ్. నాకు మాత్రం సిడ్నీలోనే టూంగాబీ అనే పేటలో ఉండే రూతక్క కొడుకు. రూతక్కది బాపట్ల. నర్సుగా పనిచేసేది. ఆరేళ్ల పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని భర్తతో సహా ఈ దేశం వచ్చింది. ఇక్కడి తెలుగు క్రైస్తవులమంతా శనివారం సాయంత్రాలు వంతులవారీగా ఒకరింట్లో ప్రార్థన కూటం పెట్టుకునేవాళ్లం. అక్కడ వాడు నన్ను ‘ఆంటీ’ అంటాడు. శిబిరంలో ‘మేడమ్’ అని సెల్యూట్ కొడతాడు. ఈ రెండు పిలుపులనీ వాడు ఎన్నడూ కలిపేవాడు కాదు. నేనూ అంతే.

మార్చిలో ఒక శనివారం రూతక్క ఇంట్లోనే కూటం. పాటలయ్యాక పాస్టరుగారు ప్రార్థన విన్నపాలు అడిగారు. ఒకరికి వీసా, ఒకరికి మోకాళ్ల నొప్పులు. తర్వాత రూతక్క లేచింది. “మా సామ్యేలుకి ఆర్మీలో చాలా పెద్ద సెలక్షన్ ఉందండి. పేరు చెప్పకూడదంట. పెర్త్ అవతల ఎక్కడోనంట. మీరంతా వాణ్ణి ప్రార్థనల్లో పెట్టుకోవాలండి” అంది. పేరు చెప్పకూడదంటూనే మిగతాదంతా చెప్పేసింది. వాడు గోడకు చేరబడి కళ్లు మూసుకున్నాడు. మరుసటి ఆదివారానికల్లా గొలుసు ఉపవాసం మొదలైంది. అంటే వాడు వెళ్లే రోజు వరకూ రోజుకొక కుటుంబం వాడి పేరున పస్తుండి ప్రార్థిస్తుంది. చర్చి మెట్ల మీద ప్రతివాళ్లూ వాడి భుజం తట్టి, తిరిగొచ్చాక దేవుడు చేసిన మేలు గురించి అందరి ముందూ సాక్ష్యం చెప్పాలి సుమా అనేవారు. ఇద్దరికి మించి చెప్పవద్దన్న హాలరన్‌కు మన ప్రార్థన కూటాల సంగతి తెలియదు పాపం.

ఏప్రిల్ చివర మళ్లీ రూతక్క వంతు వచ్చింది. పులుసు మరకలు వదలడం లేదని ఆవిడ హాల్లో కార్పెట్ పీకించి పలకలు వేయించింది. ఆ పలకల మీద దుప్పటి పరిచి అందరం మోకరించాం. సామ్యేలు మాత్రం సోఫా అంచున కూర్చుని తల వంచుకున్నాడు. నేను గమనించాను గానీ పెద్దగా పట్టించుకోలేదు. భోజనాలయ్యాక రూతక్క నన్ను వంటింట్లోకి లాక్కెళ్లింది. చికెన్ పలావు డబ్బాలో సర్దుతూ కళ్లనీళ్లు పెట్టుకుంది.

“వాడు మోకరించట్లేదమ్మా. మూడు వారాలనుంచీ చూస్తన్నా. బుడ్డోడప్పుడు జొరంలో కూడా దిగి మోకాళ్లేసేవాడు. ఆర్మీ వాడి భక్తిని తినేసింది. నువ్వు అక్కడే ఉంటావుగా, కాస్త గడ్డి పెట్టు వాడికి.”

నేను సరేనన్నాను. కారెక్కబోతూ వెనక్కి చూస్తే వాడు గుమ్మం దగ్గర బూటు వేసుకుంటున్నాడు. చెప్పులు గుమ్మం బయట విడవడం మా ఇళ్లలో మామూలే. వెళ్లేటప్పుడు ఎవరైనా ఒంటికాలి మీద నిలబడి బూటు తొడుక్కుంటారు. అంత బరువు మోసుకుని గుట్టలెక్కే మనిషి గోడ పట్టుకుని, తర్వాత మెట్టు మీద కూర్చుని, కుడికాలి మీద బరువు పడకుండా లేచాడు. తల్లికి కనిపించింది భక్తి లోపం. నాకు కనిపించింది ఎముక.

సోమవారం తుది వైద్య పరీక్షల పేరుతో వాణ్ణి పిలిపించాను. పద్ధతి ఏమిటంటే, ఫిజియో చూసి సిఫారసు రాస్తే, వైద్యాధికారిగా ఉన్న మేజర్ సంతకం పెడతాడు. అప్పుడే పేరు ముందుకు వెళ్తుంది. నొప్పులేమైనా ఉన్నాయా అంటే, లేవు మేడమ్ అన్నాడు. ఆ జవాబు నేను ఊహించిందే. వైద్య కేంద్రానికి ఊరకే తిరిగేవాణ్ణి శిబిరంలో పనిదొంగ కింద జమ కట్టేవారు. ఎంపికకు వెళ్లదలచినవాడు కాలు విరిగినా నోరు విప్పడు. నేను మంచం మీద పడుకోమనలేదు. సిమెంటు నేల చూపించి, ప్యాంటు పైకి మడిచి మోకరించమన్నాను.

వాడు నేలవైపు చూశాడు, నావైపు చూశాడు. “ఆంటీ, ప్లీజ్” అన్నాడు.

శిబిరంలో వాడు నన్ను ఆంటీ అనడం అదే మొదటిసారి. అదే చివరిసారి కూడా. నాకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. పంపితే ఎడారిలో ఎక్కడో ఆ ఎముక పూర్తిగా విరగవచ్చు. విరిగితే ప్రత్యేక దళం మాట అటుంచి సైన్యంలోనే ఉండలేడు. ఆపితే, వాడి కోసం పస్తులున్న అన్ని కుటుంబాల ముందు తలెత్తుకోలేడు. వాడి బాధంతా ఆ రెండోదే. ఉపవాసాలున్నారు మేడమ్, ముసలివాళ్లు కూడా ఉన్నారు, కాలు నొప్పని ఎలా చెప్పను అన్నాడు ఇంగ్లిషులో. మోకరించనివ్వకుండానే కూర్చోబెట్టి కాలు పట్టుకున్నాను. మోకాలికి బెత్తెడు కింద, ఎముక లోపలి అంచున వేలు పెట్టగానే వాడి దవడ బిగుసుకుంది.

రెండింటిలో ఏదో ఒకటి అయివుండాలి. ఎముక మీది పొర వాచిందా, ఎముకే పగిలిందా? పొర వాపైతే కాస్త విశ్రాంతితో వెళ్లనివ్వవచ్చు. పగులైతే వీల్లేదు. దెబ్బ తగలకపోయినా పదేపదే పడే భారానికి పుట్టే ఆ సన్నని పగులును స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. మామూలు ఎక్స్‌రేలో అది తొలిదశలో తరచుగా కనిపించదు. నరంలోకి మందు ఎక్కించి, అది ఎముకకు పట్టాక తీసే బోన్ స్కాన్ కావాలి. మేజర్‌తో మాట్లాడి ఆసుపత్రికి పంపించాను. ఫలితం రాకముందే రూతక్క ఫోను చేసి, మాట్లాడావా అని అడిగింది. రోగి సంగతి తల్లికైనా చెప్పకూడదన్నది మా నియమం. మాట్లాడానక్కా, మిగతాది వాడే చెప్తాడు అని పెట్టేశాను.

స్కాన్‌లో ఎముక అంచున ఒకే చోట నల్లగా చుక్క పడింది. పగులే. కానీ ఇంకా పైపైనే ఉంది, లోపలికి పాకలేదు. ఈ విడతకు పేరు తీసేయాలి. కొన్ని వారాలు నడకలు ఆపాలి. తర్వాత మెల్లగా మొదలుపెడితే వచ్చే ఏడాది నిక్షేపంగా వెళ్లవచ్చు. మేజర్ ఈ మాట చెప్పగానే నేను ఊపిరి పీల్చుకున్నాను. ఇంకో పెద్ద నడక పడివుంటే ఆ మాట చెప్పే వీలుండేది కాదు.

వాడికి చెప్పేటప్పుడు కోపానికీ ఏడుపుకీ సిద్ధపడి కూర్చున్నాను. వాడు ఆ చుక్క మీద వేలు పెట్టాడు. “సో ఇట్ వజంట్ ఇన్ మై హెడ్?” అని అడిగాడు. నొప్పి అనేది మనసు వేసే సాకు అని నెలల తరబడి నేర్చుకున్నవాడికి, తన నొప్పి నిజమో పిరికితనమో తేల్చుకోవడం చేతకాలేదు. కాదయ్యా, ఎముకలోనే ఉంది అన్నాను. వాడు కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. ఆ నవ్వు చూశాక నా భయం సగం తీరింది.

మిగతా సగం చర్చిది. ఆదివారం సాక్ష్యాల సమయంలో వాడే లేచి నిలబడ్డాడు. వాడు ఇంగ్లిషులో చెప్తుంటే పాస్టరుగారు తెలుగులో చెప్పారు. కాలిలో పగులుందని, వెళ్లడం లేదని, ఎముక విరగకముందే తెలిసిందని, అందుకు కృతజ్ఞతలని. అప్పుడు స్త్రీల వరుసలోంచి రూతక్క గొంతు వినిపించింది.

“అయితే నువ్వు మోకరించంది కాలునొప్పికా?”

“యెస్ మమ్.”

“దేవుడి మీద అలిగి కాదుగా?”

“నో మమ్.”

“స్తోత్రం!” అని ఆవిడ చేతులెత్తింది. చర్చి అంతా నవ్వింది, తర్వాత చప్పట్లు కొట్టింది. ఎంపిక సంగతి ఆవిడకి ఆ క్షణంలో గుర్తున్నట్టే లేదు. ఉపవాసాలున్నవాళ్లలో అందరికంటే పెద్దాయన, ఎముక నిలబడింది కదా, మా పస్తులు వృథా పోలేదులే అన్నాడు. ఆ తర్వాతి శనివారం వాడి కోసం సోఫా మీద ఇంకో దిండు కూడా వేశారు.

మరుసటి ఏడాది వాడు వెళ్లాడు. ఈసారి ఇద్దరికే చెప్పాడు, ఆ ఇద్దరిలో వాళ్లమ్మ లేదు. ఆ దళంలో ఎవరున్నారో బయటపెట్టకూడదు కాబట్టి నెగ్గిందీ లేనిదీ రాయను. బాగా చిక్కిపోయి, రెండు కాళ్ల మీద తిన్నగా నడుచుకుంటూ తిరిగొచ్చాడు. వచ్చిన శనివారం అందరికంటే ముందు మోకరించింది వాడే.

నా తుది పరీక్షలో ఆ తర్వాత రెండు చేర్చాను. మొదటిది, ఉత్త సిమెంటు నేల మీద మోకరించి లేవడం. ఇదెక్కడి పద్ధతని హాలరన్ అడిగితే, మా చర్చిదని చెప్పాను. ఆయన వాదించలేదు. రెండోది ఒక ప్రశ్న: నువ్వు వెళ్తున్నట్టు ఎంతమందికి తెలుసు? జవాబు ఇద్దరు దాటితే, నొప్పి లేదన్న మాట నమ్మేదాన్ని కాదు. మళ్లీ మోకరించమనేదాన్ని.