కాక్టస్‌కి రోజూ ఒక గ్లాసు

ఆ కాక్టస్‌ని గుడివాడ నర్సరీలో కొన్నాను. చిటికెనవేలంత తలకాయలు ఎనిమిదో పదో, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ గుత్తిగా ఉండేవి. దానికి కావాల్సిందల్లా ఎండ, నిర్లక్ష్యం. రెండోది నాకు బాగా చేతనవును. మా బందరు నల్లమట్టి పట్టిన నీటిని ఓ పట్టాన వదలదు కాబట్టి, తోట్లవల్లూరు ఇసుకలో ఇటుక ముక్కలు కలిపి కుండీ నింపాను. చీపురుపుల్ల అడుగుదాకా గుచ్చి తీస్తే పొడిగా రావాలి, అప్పుడే నీళ్ళు. అంటే పదిహేను రోజులకోసారి. బోరు నీళ్ళు ఉప్పన, అందుకని తాగే టిన్ను నీళ్ళే పొయ్యాలి.

ఆ వేసవిలో మా బావ, అంటే అక్క మొగుడు, డయాలసిస్ కోసం దివిసీమ నుంచి అక్కతో సహా వచ్చి మా ఇంట్లో ఉన్నాడు. ముప్పై ఏళ్ళు కాలవగట్టు మీద పోట్లాడి చేలకి నీళ్ళు పెట్టుకున్న మనిషి. డాక్టరు లెక్క ప్రకారం ఇప్పుడాయన తాగాల్సింది రోజుకి ముప్పాతిక లీటరే. అక్క కొలిచి ఇచ్చేది. టిన్ను వంటింట్లో, అక్క టిన్ను పక్కన.

"దీనిక్కూడా కిడ్నీలు పోయినయ్యా బావమరిదీ?" అన్నాడు కుండీ చూసి. "పదిహేను రోజులకోసారేంట్రా, పాపం తగులుద్ది. రోజూ సాయంత్రం నేనో గ్లాసు పోస్తాలే."

రోజూ పోస్తే పది రోజుల్లో కుళ్ళుతుందని నాకు తెలుసు. అయినా ఒప్పుకున్నాను. రైతుకి ఏదో ఒక వ్యవసాయం ఉండాలి గదా అని మొక్కని దానం చేసేశాను. అక్క గ్లాసు నింపి ఇస్తే, రెండు చేతులతో పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళేవాడు.

మూడు వారాలైనా మొక్క కుళ్ళలేదు. పైగా నాలుగు కొత్త తలలు వేసింది. బావకి మాత్రం డయాలసిస్‌కి వెళ్ళినప్పుడల్లా కాటా మీద బరువు ఎక్కువ చూపించేది. కాళ్ళు ఉబ్బాయి. పడుకుంటే ఆయాసం. "ఇట్లాగైతే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి మనిషి పోతాడమ్మా" అని నర్సు అక్కని కడిగేసింది. అక్క ఆయనకి మజ్జిగ మాన్పించింది, చారు మాన్పించింది. తను ఏడవటం మాత్రం మానలేదు.

నేను చీపురుపుల్ల గుచ్చాను. అడుగుదాకా పొడి.

అక్కకి చెప్పలేదు. అంత మంచివాణ్ణి. మర్నాడు సాయంత్రం బాల్కనీలో కుర్చీ వేసుక్కూర్చుని, "పొయ్యండి బావా, చూస్తాను" అన్నాను.

నన్ను చూశాడు. గ్లాసుని చూశాడు. పోశాడు. నీళ్ళు ఇసుకలోంచి దిగి కింద పళ్ళెంలోకి వచ్చాయి.

"అయ్యి దానికి అక్కర్లేదుగా," అన్నాడు మెల్లిగా.

పళ్ళెం తీసి వీధిలోకి వంపేశాను.

ఆ గ్లాసే ఆపేస్తే సరిపోయేది. ఆపితే ఎందుకని అక్క అడుగుతుందని నాకు నేను చెప్పుకుని, రోజూ కుర్చీ వేసుకున్నాను. రెండు వారాలకి బావ బరువు సరైన చోటికి దిగింది. నర్సు అక్కని మెచ్చుకుంది. కాక్టస్ మొదలు దగ్గర మెత్తబడి, తలలు ఒక్కొక్కటే ఊడి పడ్డాయి.

బావ ఒక తలని తీసి, ముళ్ళని లెక్కచెయ్యకుండా వేళ్ళ మధ్య నలిపాడు. తడైన వేలు నాలిక్కి రాసుకున్నాడు.

"చేదురా," అన్నాడు. "ఇంకోటి తెస్తావా? ఈసారి నీళ్ళు కాస్త ఎక్కువ తాగేది చూడు."

"చూద్దాం బావా," అన్నాను.

గుడివాడ ఎంతో దూరం కాదు. వారానికోసారి వెళ్తూనే ఉంటాను, ఉత్త చేతులతో వస్తూనే ఉంటాను.