గరిటె పెట్టకూడని కూర

మా ఆవిడది ఫిలిప్పీన్స్. ఆ దేశపు ఉత్తర భాగంలో, సముద్రం పక్కన చిన్న ఊరు. వరి విత్తనాల మీద శిక్షణ కోసం ప్రభుత్వం నన్ను ఆ దేశానికి పంపినప్పుడు ఆమె ఆ శిక్షణ కేంద్రం గ్రంథాలయంలో పనిచేసేది. పెళ్లి చేసుకుని ఢిల్లీ వచ్చాం. డెబ్భైల చివరికి జనక్‌పురిలో ఒక ఇంటి పై వాటాలో అద్దెకు దిగాం. గోదావరి జిల్లా నుంచి మా అమ్మ వచ్చి మాతోనే ఉండిపోయింది. అత్తాకోడళ్లకు మొదట ఒకరి మాట ఒకరికి తెలియదు. నాలుగైదేళ్లకు మా ఆవిడ తెలుగులో అచ్చం మా అమ్మ యాస పలికేది.

ఆమె వంటలకు కావలసినవి ఢిల్లీలో సగమే దొరికేవి. కాకరకాయ, వంకాయ, బెండకాయ కలిపి వండే కూర ఒకటుంది. ఆ కూరగాయలన్నీ బుధవారం సంతలో గుట్టలుగా ఉండేవి. అందులో పడవలసిన ఉప్పుచేపల ముద్ద మాత్రం ఎక్కడా లేదు. మా అమ్మ ఊరి నుంచి తెప్పించుకునే ఎండు రొయ్యలను వేయించి, ఉప్పు వేసి నూరి, మా ఆవిడ దాని బదులు కలిపేది. రొయ్యలు వేయించిన రోజు కింది వాటాలో ఉండే పంజాబీ ఆంటీ మెట్ల దగ్గర నిలబడి, ఇవాళ ఏం మాడ్చావని కేకేసేది.

“బేటీ, ఆజ్ క్యా జలా దియా?”

“ఝీంగా హై ఆంటీజీ, ఖాయేంగే?” రొయ్యలే, తింటారా అని మా ఆవిడ అడిగేది.

“నా బాబా నా, తూ హీ ఖా,” నువ్వే తిను అంటూ ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని లోపలికి పోయేది.

అసలు ఇబ్బంది అదోబోతో వచ్చింది. కోడిముక్కలను సిర్కాలో, అంటే వెనిగర్‌లో, వెల్లుల్లి, మిరియాలు, బిర్యానీ ఆకు వేసి ఉడికించే కూర అది. కారం ఉండదు, పోపు అసలే ఉండదు. బజారులో సీసాల్లో అమ్మే తెల్ల సిర్కాతో చేస్తే నాలుక పొక్కేది. రెండు మూడుసార్లు చేసి ఆ వంట మానేసింది.

కింది ఆంటీ ఏటా చెరకురసం కుండలో పోసి, మేడ మీద ఎండలో నెలల తరబడి ఉంచి, ఉల్లిపాయలు నానబెట్టుకోవడానికి సిర్కా తయారుచేసుకునేది. ఒక చలికాలం మాకూ గిన్నెడు ఇచ్చింది. మా ఆవిడ వాసన చూసి, వేలు ముంచి నాకి, మళ్లీ ముంచింది. వాళ్ల ఊళ్లోనూ చెరకురసంతోనే చేస్తారట. ఆ రోజు నుంచి అదోబో మా ఇంటికి తిరిగి వచ్చింది.

ఆ కూరకు ఒక నియమం ఉంది. సిర్కా పోశాక అది బాగా తెర్లి, ఘాటు ఆవిరైపోయేదాకా గరిటె పెట్టకూడదు. ముందే కలిపితే పచ్చి పులుపు ముక్కల్లోనే ఉండిపోతుందంటారు. మా అమ్మ పద్ధతి దీనికి పూర్తిగా ఎదురు. పొయ్యి మీద ఏది ఉడుకుతున్నా అటుగా వెళ్తూ ఒకసారి కలపకపోతే ఆమెకు తోచదు.

“అడుగంటితే గిన్నె ఎవరు తోముతారే?”

“అంటదు అత్తయ్యా. మీరు ముట్టుకోకండి.”

“నేను ముట్టుకోకూడని కూర కూడా ఉందా ఈ ఇంట్లో?”

“పప్పు మీది, పులుసు మీది. ఇదొక్కటీ నాది.”

దాంతో అమ్మ నవ్వేసి అవతలికి వెళ్లేది. అయినా ఆ కూర వండేటప్పుడు మా ఆవిడ గరిటెను బియ్యం డబ్బా వెనక దాచేది.

ఎనభైల మొదట్లో ఒక నవంబరులో మా మామగారు వచ్చారు. బడిలో ప్రధానోపాధ్యాయుడిగా చేసి రిటైరయ్యారు. మా అత్తగారు అప్పటికి లేరు. మా పెళ్లికి ఆయన అడ్డు చెప్పలేదు గాని, కూతురితో ఒక మాట అన్నారట: “అంత దూరంలో నువ్వు ఎప్పుడూ ఎవరింట్లోనో ఉన్నట్టే ఉంటావు. నీ ఇల్లంటూ ఉండదు.” ఆ మాట మా ఆవిడ మనసులోంచి పోలేదు. ఆయన వస్తున్నారని తెలిసిన రోజున నాతో ఒకటే అంది. “వెళ్లేలోగా ఒక్కసారైనా ఇది నా ఇల్లని నాన్నకు అనిపించాలండీ.”

ఆయన మంచి మనిషి, మితభాషి. ఏది పెట్టినా బాగుందనేవారు. మేమందరం చేత్తో తింటుంటే ఆయన మాత్రం చెంచా, ఫోర్కు అడిగి తీసుకుని, మోచేతులు దగ్గరగా పెట్టుకుని తినేవారు. అమ్మకు జాలేసింది.

“పాపం, అన్నయ్యగారికి చేత్తో తినడం అలవాటు లేనట్టుంది.”

“ఎందుకు లేదు అత్తయ్యా? ఇంట్లో చేత్తోనే తింటారు. బయటివాళ్ల ఇళ్లల్లోనే చెంచా.”

ఆ మాట అన్నాక మా ఆవిడే తల తిప్పుకుంది.

ఆయన వెళ్లిపోయే రోజు ఆదివారం. పొద్దున్నే నేను కోడి తెచ్చాను. కింది ఆంటీ “తేరే పాపాజీ కే లియే,” మీ నాన్న కోసం అని సిర్కా సీసా నిండా పోసి ఇచ్చింది. మా ఆవిడ తెల్లవారినప్పటి నుంచి మరే పనీ పెట్టుకోలేదు. ముక్కలు వేసి, సిర్కా పోసి, మంట సరిచేసింది. మేడ మీద ఆరేసిన వాళ్ల నాన్న స్వెట్టరు సూట్‌కేసులో పెట్టాలని గుర్తొచ్చి పైకి వెళ్లింది. ఆ హడావిడిలో గరిటె దాచడం మరిచిపోయింది.

దిగి వచ్చేసరికి అమ్మ పొయ్యి దగ్గర ఉంది. గరిటె తడిగా ఉంది.

“కలిపారా అత్తయ్యా?”

“ఒక్కసారేనే. చిటపటమంటుంటే అడుగు పట్టేస్తోందనుకున్నాను.”

మా ఆవిడ పీట మీద కూర్చుండిపోయింది. మళ్లీ కోడి తెచ్చి వండే వ్యవధి లేదు. అమ్మ కాసేపు అక్కడే తచ్చాడింది.

“కాస్త బెల్లం వెయ్యమంటావా?”

“వద్దు అత్తయ్యా.”

“పోనీ ఓ ఉల్లిపాయ?”

“ఏమీ వద్దు. మీరు అన్నం వార్చండి చాలు.”

భోజనాలకు కూర్చున్నాం. మామగారు ఒక ముక్క చెంచాతో తీసుకుని నోట్లో పెట్టుకున్నారు. నమలడం ఆపారు. కూతుర్ని తమ భాషలో ఏదో అడిగారు. ఆమె కంచంలోంచి తల ఎత్తకుండా జవాబు చెప్పింది. ఆయన మా అమ్మ వైపు చూశారు. వచ్చిన పది రోజుల్లో ఆయన పైకి నవ్వడం అప్పుడే చూశాను. ఆ తర్వాత నాకు అర్థం కావాలని ఇంగ్లీషులో చెప్పారు.

“ఉడకకముందే ఎవరు కలిపారని అడిగాను. అత్తయ్య అని చెప్పింది. మా అమ్మా ఇంతే. నా భార్య అటు తిరగగానే గరిటె పెట్టేసేది. బతికినన్నాళ్లూ ఇద్దరికీ ఇదే గొడవ. మా ఇంట్లో అదోబో ఒక్కనాడూ సరిగ్గా కుదరలేదు. సరిగ్గా కుదిరిన అదోబో నేను బయటివాళ్ల ఇళ్లల్లోనే తిన్నాను.”

నేను ఆ మాటలు అమ్మకు తెలుగులో చెప్పాను.

“చూశావా మరి,” అంది అమ్మ కోడలితో. “ఆ పెద్దావిడెవరో గాని తెలిసిన మనిషి.”

మామగారు చెంచా, ఫోర్కు పక్కపక్కన పెట్టి కుర్చీ వెనక్కి జరిపి లేచారు. అమ్మ కంగారుపడింది. “అదేమిటి అన్నయ్యగారూ, లేచిపోతున్నారు?” ఆయన వాష్‌బేసిన్ దగ్గరికి వెళ్లి, సబ్బు రాసి చేతులు కడుక్కున్నారు. చొక్కా చెయ్యి మోచేతిదాకా మడిచి వచ్చి కూర్చున్నారు. అన్నంలో అదోబో పులుసు కలిపి, వేళ్ల కొసలతో చిన్న ముద్ద చేసి నోట్లో పెట్టుకున్నారు.

మా ఆవిడ నీళ్లు తెస్తానని వంటింట్లోకి వెళ్లింది. జగ్గు బల్ల మీదే ఉంది. వెంటనే రాలేదు.

అమ్మే లేచి, “ఇంకాస్త వేసుకోండి అన్నయ్యగారూ,” అంటూ గరిటె ముందుకు చాచింది. ఆయనకు తెలుగు ఒక్క ముక్క రాదు. కంచం ఎత్తి పట్టుకున్నారు.

ఆయన మళ్లీ ఢిల్లీ రాలేదు. మా ఆవిడ మాత్రం ఆ కూర వండుతూనే ఉండేది. పొయ్యి మీద సిర్కా పొంగుతున్నప్పుడు అమ్మ గడప దాటితే “అత్తయ్యా” అని హెచ్చరించేది. గరిటె మాత్రం ఇక దాచలేదు, పొయ్యి పక్కనే ఉండేది.