తప్పుల మేస్త్రి

తన పనిలో తప్పు పట్టమని ఎదుటివాణ్ణి బతిమాలే మనిషిని నా డెబ్బై మూడేళ్ళ జీవితంలో ఒక్కణ్ణే చూశాను. మా కుర్చీల కార్ఖానాలో వడ్రంగి అతను. అందరూ తప్పుల మేస్త్రి అనేవారు. ఆ పేరుకు అతను ఒక్కనాడూ నొచ్చుకోలేదు. వంక పెడితే మామూలు పనివాడికి ముఖం మాడుతుంది, ఇతనికి వెలిగేది.

నాది తనిఖీ బల్ల. రోజూ పదింటికి మేస్త్రి ఒక కుర్చీని నెత్తిన పెట్టుకుని వచ్చి, నా ముందు దించి, చేతులు కట్టుకుని నిలబడేవాడు.

"చూడండి అన్నయ్యా. ఎక్కడో ఉండే ఉంటుంది."

"ఏముంది మేస్త్రీ, లక్షణంగా ఉంది."

"అలా తేల్చెయ్యకండి. నా చెయ్యి సంగతి నాకు తెలీదా?"

కుర్చీని చదును బండమీద పెట్టి నాలుగు మూలలా నొక్కేవాణ్ణి. టక్.

"ముందు ఎడమ కాలు. అట్టముక్క మందం కురచ."

"అబ్బ, ఏం కన్నండీ మీది" అని కూనిరాగం తీస్తూ వెళ్ళిపోయేవాడు.

ఆ కన్ను ఊరికే రాలేదు. నేను ఊరి బడిలో ఐదు తరగతులు చదివాను. ఐదింటిలోనూ మొదటివాణ్ణే. తరగతిలో ఉన్నది ఇద్దరేనని మా ఆవిడ గుర్తు చేస్తూ ఉంటుంది. ఇద్దరిలోనైనా మొదటివాడు మొదటివాడే. పదహారో ఏట ఉలి పట్టి ముప్ఫై నాలుగేళ్ళలో ఆరువేల పైచిలుకు కుర్చీలు చేశాను. ఒక జడ్జిగారు నా కుర్చీలో కూర్చునే పదవీ విరమణ దాకా తీర్పులు చెప్పారు. తీర్పుల సంగతి నాకు తెలియదు గాని, కుర్చీ మాత్రం కిర్రుమనలేదు.

యాభయ్యో ఏట నా కుడిచెయ్యి వణకడం మొదలైంది. ఉలి పక్కన పెట్టి తనిఖీ బల్లకు మారాను. మరో ఐదేళ్ళకు కాళ్ళు కోసే మిషన్లు వచ్చాయి. యజమాని నా దగ్గరకొచ్చి నెమ్మదిగా అన్నాడు.

"పెద్దాయనా, మిషను కోసిన కాళ్ళకు తనిఖీ ఎందుకు? ఒక ఏడాది చూద్దాం. తప్పులు దొరుకుతుంటే సరే. లేకపోతే హాయిగా ఇంట్లో కూర్చుందురు గాని."

ఆ హాయి ఏపాటిదో నాకు ప్రతి ఆదివారం అనుభవమే. సాయంత్రానికల్లా మా ఆవిడ "మీ కార్ఖానా ఆదివారం కూడా తీస్తే ఎంత బాగుండును" అనేది. అది సరే, ఉలి ఎలాగూ పోయింది. బల్ల కూడా పోతే ఏం పని చేస్తావని ఎవరైనా అడిగినప్పుడు ఏమని చెప్పను?

సరిగ్గా ఆ వారంలోనే మేస్త్రికి ఈ తప్పుల జబ్బు పట్టుకుంది. అంతకుముందు అతని కుర్చీకి వంక పెట్టేందుకు ఏమీ ఉండేది కాదు. నలభై దాటింది కదా, చూపు తగ్గిందనుకున్నాను. పోనుపోను తప్పులు ముదిరాయి. ఒకసారి వెనక పట్టీలోని చీలికను రంపపు పొట్టూ జిగురూ కలిపి పూడ్చి, పైన పాలిష్ కొట్టాడు. వేలితో తట్టి, చప్పుడులో తేడా పట్టడానికి నాకు గంట పట్టింది. ఆ గంటసేపూ మేస్త్రి, కూతురు లోపల పరీక్ష రాస్తున్న తండ్రిలా గుమ్మం దగ్గర పచార్లు చేశాడు.

యజమాని చీవాట్లు పెట్టాడు. "ఇన్నేళ్ళ పనివాడివి. సిగ్గుగా లేదూ?"

"ఉందండీ. అందుకే పెద్దాయన ఉండాలంటాను."

ఆ ఏడే పెద్దమేస్త్రి పదవి ఖాళీ అయింది. అతన్ని దాటి పక్కవాడికి వెళ్ళింది. నేను కూడా గట్టిగానే బుద్ధి చెప్పాను.

"కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచెయ్యి తమ్ముడూ."

"ప్రయత్నిస్తున్నానన్నయ్యా" అన్నాడు, దీనంగా.

గడువు ఇంకో నెల ఉందనగా మేస్త్రి జ్వరంతో మంచం పట్టాడు. తొమ్మిది రోజులు నా బండ మీద ఒక్క టక్ లేదు. యజమాని రోజూ అటుగా వచ్చేవాడు.

"ఏమైనా దొరికిందా పెద్దాయనా?"

"చూస్తున్నానండీ."

పదోరోజు ఒక ఆసుపత్రికి పంపాల్సిన నలభై కుర్చీలు వచ్చాయి. మిషను పనితనం, అద్దంలా ఉన్నాయి. అలవాటు కొద్దీ వెనక పట్టీ మీద తట్టాను. చప్పుడు తేడాగా ఉంది. ఆ చప్పుడు నాకు తెలుసు. పాలిష్ గీకితే చీలిక, అందులో రంపపు పొట్టు. కలప అమ్మినవాడెవడో పూడ్చి అంటగట్టాడు. ముప్ఫై ఒక్క కుర్చీలు అలాంటివే. యజమాని నమ్మలేదు. ఒకదానిలో కూర్చుని వెనక్కి వాలాడు. పడ్డాక నమ్మాడు.

నేనూ పక్కనున్న పనివాడూ పట్టుకుని లేపితే, నడుము రుద్దుకుంటూ "ఈ బల్ల ఇక్కడే ఉంటుంది పెద్దాయనా. మీరూ ఇక్కడే ఉంటారు" అన్నాడు.

ఆ కబురు చెప్పాలని సాయంత్రం మేస్త్రి ఇంటికి వెళ్ళాను. అతను నిద్రపోతున్నాడు. అతని భార్య కుర్చీ వేసింది. కూర్చోబోయే ముందు అలవాటుగా ఊపి చూశాను. కదల్లేదు. పక్కనున్న పీట చూశాను, బల్ల చూశాను. ఏదీ కదల్లేదు.

"ఏం చూస్తున్నారు అన్నయ్యగారూ?"

"కాలు కురచ ఉందేమోనని అమ్మా."

"ఆయన చేసినదానికా? బాగుంది. గోడకు చెక్క వంకరగా కొట్టారని మా అత్తగారు ఒక్క మాటన్నందుకు, ఆవిడ చేతికి దారం ఇచ్చి మూడుసార్లు కొలిపించారు. వంక పెడితే రెండు రోజులు ఇంట్లో మాటలుండవు."

మంచం పక్కన క్యాలెండరు ఉంది. గళ్ళల్లో మేస్త్రి గుండ్రటి అక్షరాలు. 'సోమ: వెనక కాలు, అట్ట మందం.' 'మంగళ: మళ్ళీ కాలు వద్దు, అన్నయ్యకు విసుగొస్తుంది.' 'బుధ: పట్టీలో చీలిక, పొట్టు పూడ్చాలి. మరీ కష్టమేమో.' దాని కింద వేరే సిరాతో, 'పట్టేశారు. భలే.'

అతణ్ణి లేపకుండా వచ్చేశాను.

జ్వరం తగ్గాక మేస్త్రి కుర్చీ నెత్తిన పెట్టుకుని వచ్చాడు. పావుగంట చూశాను.

"ఏమీ లేదు మేస్త్రీ. క్యాలెండరులో ఈవేళ గడి ఖాళీనా?"

అతను తల గోక్కున్నాడు. "గోడవైపు తిప్పి పెట్టమని మా ఆవిడకు చెప్పాను" అన్నాడు.

మరుసటిసారి పెద్దమేస్త్రి పదవి అతనికే వచ్చింది. యజమానికి నేనేం చెప్పానో ఇక్కడ రాయను. నేను ఇంకో పదకొండేళ్ళు ఆ బల్ల దగ్గరే పనిచేశాను. మానేసిన రోజున మేస్త్రి నాకో కుర్చీ తెచ్చి ఇచ్చాడు.

"ఇందులో ఒకటుంది అన్నయ్యా. తొందరేం లేదు, తీరిగ్గా వెతకండి."

రోజూ పదింటికి దాన్ని తిరగేసి చూస్తాను. తడతాను, ఊపుతాను, వేళ్ళతో అతుకులు తడుముతాను. ఏడేళ్ళయింది, దొరకలేదు. అసలందులో ఏమీ లేదని మా ఆవిడ అంటుంది. నా అనుమానమూ అదే. కానీ ఎడమ చేతిపట్టీ కింద ఒకచోట ఇంకా సరిగ్గా చూడలేదు. రేపు చూడాలి.